ప్రశ్నల్లేని ఆస్పత్రి

2018 జూన్ పదకొండు, సోమవారం. ఆ పొద్దున విశ్వపతి మాస్టారు రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, మాగాయ టెంక నంజుకుని తిన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని మళ్ళీ ఒకరు పనికి పిలిచిన రోజు కనక తేదీ ఆయనకి గుర్తుండిపోయింది. భార్య పోయి మూడేళ్ళయింది. ఆవిడ పెట్టిన జాడీల్లో ఆఖరిదాంట్లో ఆఖరి టెంక అది, అందుకని అదీ గుర్తుండిపోయింది. ఆయన దాన్ని చీకుతూ ఉండగానే పెద్దాసుపత్రి నుంచి జవాను వచ్చి, సూపరింటెండెంటు గారు వెంటనే రమ్మంటున్నారని చెప్పాడు.

ఆస్పత్రికి వచ్చిన కష్టం ఇది. అంతకు ముందు నెల నాణ్యతా మండలి వారు తనిఖీకి వచ్చారు. లిఫ్టు నడవడం లేదని, నీళ్ళ గదిలో నీళ్ళు లేవని, ఎక్స్‌రే గదికి తాళం వేసి ఉందని వారు స్వయంగా చూశారు. అవన్నీ బడ్జెట్టుకు సంబంధించిన సంగతులు కనక రాసుకోలేదు. రాసుకున్నది ఒక్కటే. విచారణ కౌంటరు దగ్గర జనం సిబ్బందిని నిలదీసినట్టు అడుగుతున్నారు, వాతావరణంలో మర్యాద లోపించింది, కాబట్టి సర్టిఫికెట్టు ఇవ్వడం కుదరదు.

సూపరింటెండెంటు డాక్టర్ తారకేశ్వరరావు గారు కార్యశూరుడు. నగరం నుంచి ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుణ్ణి పిలిపించి, మూడు రోజుల శిక్షణ పెట్టించారు. ఆ నిపుణుడు చెంపకి మైకు అతికించుకుని వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ మర్మం విప్పాడు.

“‘వేర్ ఈజ్ ద డాక్టర్’ అన్నారనుకోండి. ‘ఈజ్’ ముందుకి దూకింది. ఎదుటివాడి గుండెల మీదికి దూకింది. ఇది దాడి. అదే ‘ఐ విష్ టు నో వేర్ ద డాక్టర్ ఈజ్’ అన్నారనుకోండి. ‘ఈజ్’ వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. ఇది సంస్కారం. అభివృద్ధి చెందిన దేశాల్లో ఎవరూ ఎవర్నీ ప్రశ్నించరు. తెలుసుకోవాలన్న కోరికను వెల్లడిస్తారంతే.”

సిబ్బంది చప్పట్లు కొట్టారు. మర్నాడే గోడ మీద సర్క్యులరు వెలిసింది.

“ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి, రోగులకు, రోగుల బంధుమిత్రాదులకు తెలియజేయడమేమనగా, విచారణ కౌంటరు వద్ద ప్రత్యక్ష ప్రశ్నలు నేటి నుండి సంపూర్ణముగా నిషేధింపబడినవి. తెలుసుకోగోరు విషయమును ఆంగ్లమున, ఉపవాక్య రూపమున, కర్త ముందును క్రియ వెనుకను ఉండునట్లు విన్నవించుకొనవలెను. ఆంగ్లము రాని వారి సౌకర్యార్థము వాక్యక్రమ సలహాదారు ఒకరు నియమింపబడుచున్నారు.”

ఆ ఒకరు విశ్వపతి మాస్టారు. జీతం లేదు. గౌరవం మాత్రం ఉంటుందని సూపరింటెండెంటు గారు హామీ ఇచ్చారు.

ఆయన ఒప్పుకున్నారు. దానికి కారణం చెబితే ఆయనకే సిగ్గు. ముప్ఫై నాలుగేళ్ళ పాటు పిల్లలు ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’ అని రాస్తూ వచ్చారు, ఆయన ఎర్ర సిరాతో ‘ఈజ్’ని వెనక్కి తోస్తూ వచ్చారు. ఆ ఎర్ర సిరాని ఒక్కడూ పట్టించుకోలేదు. పట్టించుకోనివాళ్ళు తహసీల్దార్లు అయ్యారు, కాంట్రాక్టర్లు అయ్యారు. ఇన్నాళ్ళకి ఒక ప్రభుత్వ కార్యాలయం ఆ సిరాకి విలువ ఇచ్చింది. గుండెల మీదికి దూకడం, చేతులు కట్టుకోవడం ఆయన ఏ వ్యాకరణంలోనూ చదవలేదు గాని, నియమం నియమమే కదా అనుకున్నారు.

మెట్ల కింద ఒక బల్ల, కుర్చీ వేశారు. వెనక చిన్న కిటికీ ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక అందులోంచి చల్లగాలి వచ్చేది. దాన్ని ఆయన జీతం కింద జమకట్టుకున్నారు.

పని సులువే. వచ్చినవాళ్ళు గోడు చెబుతారు. మాస్టారు పచ్చ కాగితం మీద ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో రాసి ఇస్తారు. వాళ్ళు దాన్ని వల్లె వేసుకుంటూ వరసలో నిలబడతారు. మామూలుగా ఆస్పత్రి వరండాలో దగ్గులు వినిపిస్తాయి. ఇప్పుడు ఎక్కాలు చదివే బడిలా ఉండేది. పొలం పనిమీంచి తిన్నగా వచ్చిన మనిషి ఒకడు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని, ‘ఐ విష్ టు నో హౌ మై మదరిన్లా ఈజ్’ అని పాతికసార్లు అనుకున్నాడు. అత్తగారి మీద అంత శ్రద్ధ అతను అదివరకు చూపించి ఉండడు.

కౌంటరులో గవర్రాజు అనే గుమాస్తా కూర్చునేవాడు. నలభై దాటినవాడు, మెత్తని మనిషి. అతనికి ఇంగ్లీషు రాదు. ‘ఈజ్’ చివరికి వస్తే చాలని మాస్టారు ఒకసారి చెప్పారు. అతను చెక్క స్కేలు తెచ్చుకుని, కాగితం మీద పెట్టి, ఆఖరి మాట ‘ఈజ్’ అయితే లోపలికి, కాకపోతే వెనక్కి పంపేవాడు. దాంతో డాక్టరు గారు ఎప్పుడు వస్తారని అడగదలచిన వాళ్ళంతా ఆ వారం వెనక్కి వెళ్ళారు. ఎలా తిప్పి రాసినా ఆ వాక్యం చివర ‘కమ్’ అనే మాటే ఉండేది.

నిషేధం అతనికీ ఉంది. అందుకని కిటికీ ముందుకి ఎవరు వచ్చినా ‘ఏం కావాలి’ అనకుండా, “తమకేం కావాలో తెలుసుకోవాలని కోరుకుంటున్నానండి,” అనేవాడు. మొదటిరోజున ఒక ముసలాయన, వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమో అని తిరిగి చూశాడు.

రెండో నెలలో సర్క్యులరు డాక్టర్లకీ వర్తించింది. ఓపీలో ఒక కుర్ర డాక్టరు రోగిని “నొప్పెక్కడ?” అని అడిగాడు. మెమో అందుకున్నాడు. మర్నాడు నుంచి “తమకి నొప్పి ఎక్కడుందో తెలుసుకోవాలన్న అభిలాష నాకున్నది,” అనడం మొదలెట్టాడు. రోగి చేతులు జోడించి “చాలా సంతోషం బాబూ,” అని కూర్చున్నాడు. అయిదు నిమిషాలు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొన్నాళ్ళకి డాక్టర్లు అడగడమే మానేశారు. రోగి వాలకాన్ని బట్టి మందులు రాసేవారు. రోజుకి నూటయాభై మందిని చూసే చోట మూడు వందల మందిని చూడగలిగారు. ఈ అంకె నివేదికలో పైకి వెళ్ళింది.

అసలు గొప్ప ఊహ సూపరింటెండెంటు గారికి ఆగస్టులో తట్టింది. నెలవారీ నివేదికలో ‘పెండింగు ప్రశ్నలు’ అని ఒక గడి ఉంటుంది. పచ్చ కాగితాల కట్ట ముందు వేసుకుని ఆయన మాస్టారిని పిలిపించారు.

“మాస్టారూ, వీటిల్లో ఎక్కడా ప్రశ్నార్థకం గుర్తు లేదేమండీ?”

“ఉండదండి. ‘ఫలానాది తెలుసుకోవాలని ఉంది’ అన్నాక అది మామూలు వాక్యమే కదండీ. చివర చుక్క పెడతాం.”

“అంటే ఇది ప్రశ్న కాదు.”

“వ్యాకరణం ప్రకారం కాదు. కానీ వాళ్ళు అడుగుతున్నది...”

“వ్యాకరణమే నాకు కావలసింది,” అని సూపరింటెండెంటు గారు కుర్చీలో వెనక్కి వాలారు. “ప్రశ్న కానిదానికి జవాబు ఇవ్వడమంటే సిబ్బంది సమయాన్ని దుర్వినియోగపరచడం. వాక్యాన్ని మనం గౌరవపూర్వకంగా స్వీకరించాలి. అంతవరకే మన బాధ్యత.”

మర్నాడు గవర్రాజుకి ఒక రబ్బరు స్టాంపు వచ్చింది. ‘గమనించడమైనది’ అని దాని మీద ఉంది. ఎవరైనా సరైన వరసలో వాక్యం చెబితే, కాగితం మీద ఆ స్టాంపు కొట్టి తిరిగి ఇచ్చేవాడు. ఆ నెల నివేదికలో పెండింగు ప్రశ్నల గడిలో సున్నా పడింది. రాష్ట్రం మొత్తం మీద ప్రశ్నలు లేని ఆస్పత్రి ఇదొక్కటేనని నాణ్యతా మండలి అభినందన లేఖ పంపింది. మళ్ళీ తనిఖీకి వస్తామని కూడా రాసింది.

మాస్టారు ఆ రోజే మానేయాలనుకున్నారు. తను లేకపోతే ఈ జనానికి ఆ కాగితమైనా ఎవరు రాసిస్తారని ఆగిపోయారు. చెడ్డ పనిలో మంచివాళ్ళని నిలిపి ఉంచేది ఎప్పుడూ ఇలాంటి ఆలోచనే.

ఆ తరవాత వారంలో ఒక గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నూకరత్నం వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చీర కుచ్చెళ్ళ నిండా కొబ్బరి పీచు అంటుకుని ఉంది. పీచు మిల్లు నుంచి తిన్నగా పరిగెత్తుకొచ్చినట్టుంది.

“మేస్టారండీ, మా ఆయన పొద్దున్న చెట్టు మీంచి పడిపోయేడండి. కొబ్బరికాయలు దింపుతాడండి. నేను పన్లో ఉన్నాను, నాకు తెలీదు. నూట ఎనిమిదిలో ఇక్కడికి తెచ్చేసేరంట. దవడ ఇరిగిపోయిందంట, మాట్లాడ్లేడంట. ఎక్కడెట్టేరో ఎవళూ చెప్పట్లేదండి.”

“పేరేమిటమ్మా?”

“పల్లాలయ్యండి.” ఆవిడ కొంగుముడి విప్పి, మడతలు పడి మెత్తబడిపోయిన చీటీ తీసింది. “మొన్న సంక్రాంతెళ్ళేక జొరమొస్తే మా ఊళ్ళో ఓ సూది పొడిచేరండి. ఒళ్ళంతా పొంగిపోయి ఊపిరాడ్లేదు. పోయేడనే అనుకున్నాం. మళ్ళీ ఆ మందు జల్మలో పొడవొద్దని డాట్రుగారు ఇది రాసిచ్చేడు. ఇది వార్డులో ఇచ్చెయ్యాలండి. నాలుగింటికి సూదులేస్తారంట కదా.”

మాస్టారు చీటీ చదివారు. మందు పేరు కింద రెండుసార్లు గీత గీసి ఉంది. దెబ్బలు తగిలిన ప్రతివాడికీ ఇక్కడ పొడిచే మందే అది. పడుతుందో పడదో అడిగే డాక్టర్లు ఇప్పుడు లేరు. అడిగినా చెప్పడానికి పల్లాలయ్యకి దవడ లేదు.

ఆయన తనే లేచి ఆవిణ్ణి మగవార్డుల మెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“వార్డు నెంబరు వెయ్యించుకొచ్చిన పాసుండాల్సిందేనండి మేస్టారూ. ఏడు వార్డులున్నాయి. ఒక్కో వార్డుకీ తిప్పితే నా ఉద్యోగం పోద్ది.”

“ఈ చీటీ అయినా పైకి పంపు నాయనా.”

“ఏ వార్డుకండీ?”

సరిగ్గా దానికే కదా వాళ్ళు వచ్చింది.

మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చారు. మాస్టారు పచ్చ కాగితం తీసి, పైన రోగి పేరు వేసి, కింద రాశారు. ‘ఐ విష్ టు నో వేర్ మై హజ్బెండ్ ఈజ్.’ నూకరత్నం దాన్ని గబగబా నేర్చుకుంది. వరసలో నలభై నిమిషాలు నిలబడి, కిటికీ ముందు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. గవర్రాజు స్కేలు పెట్టి చూశాడు. ఆవిడ మొహం చూశాడు. తల వంచుకుని స్టాంపు కొట్టాడు.

ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని మాస్టారి దగ్గరికి తెచ్చింది. “ఇచ్చేరండి. ఏ వార్డుని రాసేరు?”

కాగితం మీద ‘గమనించడమైనది’ అని తప్ప ఏమీ లేదు. మాస్టారు ఆవిణ్ణి తన కుర్చీలో కూర్చోమన్నారు.

తిన్నగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళారు. లోపల తనిఖీ ఏర్పాట్ల సమావేశం జరుగుతోంది. ఇదీ సంగతి, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని చెప్పారు. సూపరింటెండెంటు గారు ఓపిగ్గా విన్నారు.

“తమ ఆవేదన అర్థమైంది. అయితే మినహాయింపు అనేది నియమానికి చెదలాంటిది. ఆ మహిళ వాక్యం నిర్దుష్టంగా ఉన్నదంటున్నారు. దానిని మనం గమనించాం కూడా. ఇంకా అసంతృప్తి ఉన్నచో, ఫిర్యాదుల పెట్టె సోమవారం నాడు తెరవబడుతుంది.”

గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది.

ఆయన వరండాలోకి వచ్చేసరికి కౌంటరు దగ్గర గొడవగా ఉంది. మోటారు సైకిలు తాళం వేలికి తిప్పుకుంటూ ఒక యువకుడు కిటికీలోకి తల దూర్చాడు.

“మా బావెక్కడ్రా బాబూ? గంటనించి నిలబెట్టేవు.”

గవర్రాజు సొరుగు లాగి గులాబీ రంగు పుస్తకం తీశాడు. అమర్యాద నమోదు పత్రాలు. తనిఖీ కోసం సూపరింటెండెంటు గారు కొత్తగా అచ్చు వేయించినవి. ప్రత్యక్ష ప్రశ్న వేసినవారి పేరు, అన్నమాటలు ఉన్నదున్నట్టు, రోగి పేరు, వార్డు నెంబరు, మంచం నెంబరు. పత్రం కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: ‘దోషిని సెక్యూరిటీ సిబ్బంది తక్షణమే రోగి మంచం వద్దకు తోడ్కొని వెళ్ళి, రోగి సమక్షంలో మందలించవలెను.’

గవర్రాజు పెద్ద రిజిస్టరు తెరిచి వేలితో వెతికి, రెండో అంతస్తు, ఆరో వార్డు, పదకొండో మంచం అని వేశాడు. సెక్యూరిటీ అతను వచ్చి ఆ యువకుణ్ణి రెక్క పట్టుకుని మెట్లెక్కించాడు. యువకుడు బావ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పత్రంలో వాక్యాలు దిద్దమని వారం కిందట మాస్టారికే ఇచ్చారు. కామాలు చూశారు గాని అందులో ఏముందో చూడలేదు.

ఆయన గబగబా నూకరత్నం దగ్గరికి వెళ్ళారు. “అమ్మా, ఆ కాగితం చింపెయ్. వెళ్ళి మన భాషలో అడుగు. నా మొగుడేడీ అని అడుగు.”

ఆవిడ భయంగా చూసింది. “తప్పు కదండీ. ఇందాకా ఆ కుర్రోణ్ణి రెక్కుచ్చుకు లాక్కెళ్ళిపోయేరు.”

“ఎక్కడికి లాక్కెళ్ళారో చూశావా? వాళ్ళ బావ దగ్గరికే. నిన్నూ అలాగే లాక్కెళ్ళాలి. వెళ్ళు.”

వరసలో వాళ్ళు దారి ఇచ్చారు. నూకరత్నం కిటికీ ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది. రెండు గంటలుగా వల్లె వేసిన నోరు అది. భయంలో అదే వచ్చింది.

“ఐ విష్ టు నో వేర్ మై హజ్బెండ్ ఈజ్.”

అంత చక్కని ఉచ్చారణ ఆ కౌంటరులో అంతకు ముందు ఎవరూ వినలేదు. గవర్రాజు స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నాడే గాని కొట్టలేదు. దాన్ని మెల్లగా పక్కన పెట్టి, బల్ల మీది కాగితాలు సర్దడం మొదలెట్టాడు. సర్దిన కాగితాలే మళ్ళీ సర్దాడు. గులాబీ పుస్తకం మటుకు తెరిచే ఉంది. కార్బన్ కూడా పెట్టి ఉంది. కలం టోపీ తీసి ఉంది.

“అడుగమ్మా,” అన్నాడు తల ఎత్తకుండా. “సరిగ్గా వినపళ్ళేదు నాకు.”

వరసలోంచి ఒక ముసలావిడ నూకరత్నం వీపు మీద చిన్నగా చరిచింది. “అడగవే తల్లీ. నీ మొగుడే కదా.”

నూకరత్నం కొంగు నడుం చుట్టూ బిగించింది. “నా మొగుడేడ్రా?” అంది. తరవాత మాటలు వాటంతటవే వచ్చాయి. “ఎక్కడెట్టేర్రా నా మొగుణ్ణి? మడిసిని తెచ్చి దాసేసి, కాయితాల మీద ముద్దర్లు గుద్దుకుంటున్నారా? మీకు ఆడాళ్ళు లేర్రా ఇళ్ళల్లో?”

“నెమ్మదమ్మా, అన్నీ రాయాలి,” అన్నాడు గవర్రాజు. మొహం వెలిగిపోతోంది. “ముద్దర్లు గుద్దుకుంటున్నారా... ఆఁ. రోగి పేరు పల్లాలయ్య కదూ. రిజిస్టర్లో ఇందాకే చూసి పెట్టాను. మూడో వార్డు, ఇరవై రెండో మంచం. సెక్యూరిటీ, ఈవిణ్ణి ఎంటనే లాక్కెళ్ళు. పరిగెట్టించు.”

మూడూ నలభై అయింది. సెక్యూరిటీ అతను ముందు, నూకరత్నం వెనక, మాస్టారు ఆయాసపడుతూ ఆ వెనక మెట్లెక్కారు. మూడో వార్డులో నర్సు ట్రాలీ తోసుకుంటూ పద్దెనిమిదో మంచం దాకా వచ్చింది. నూకరత్నం చీటీ చాచింది. నర్సు చదివింది. ట్రాలీలో సిద్ధం చేసి పెట్టిన సిరంజిల్లోంచి ఒకటి తీసి, వంచి, చెత్తబుట్టలో పడేసింది. మంచం తల దగ్గర కట్టిన అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్ద అక్షరాల్లో మందు పేరు రాసి కొట్టేసింది. దవడకి గుడ్డ కట్టి ఉన్న పల్లాలయ్య కళ్ళు మాత్రం భార్య చేతి మీద నిలిచాయి.

సెక్యూరిటీ అతను నియమం ప్రకారం మందలించాలి. గొంతు సవరించుకుని, “ఇంకెప్పుడూ అలాగనకండమ్మా,” అని కిందికి వెళ్ళిపోయాడు.

కింద జనం తెలివితక్కువవాళ్ళు కారు. పచ్చ కాగితాలు నేల మీద రాలిపడి ఉన్నాయి. ‘మాయమ్మేదీ?’ ‘తమ్ముణ్ణెక్కడెట్టేరు?’ ‘డాట్రుగారొత్తాడా రాడా?’ కిటికీ ముందు ఒకరి తరవాత ఒకరు దాడి చేస్తున్నారు. గవర్రాజు చొక్కా చేతులు పైకి మడుచుకుని రాస్తున్నాడు. అయిదింటికి పుస్తకం అయిపోయింది. అరవైమూడు నమోదులు.

అయిదున్నరకి మాస్టారికి పిలుపు వచ్చింది. సూపరింటెండెంటు గారు గులాబీ పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నారు.

“ఒక్క పూటలో అరవైమూడు దాడులు. దీనికి ప్రేరణ తమరని వినికిడి.”

“అవునండి. నేనే చెప్పాను.”

“వాక్యక్రమ సలహాదారు అయి ఉండీ.”

“ఆ మనిషి బతికాడండి.”

సూపరింటెండెంటు గారు ఆ మాట విన్నట్టు లేదు. పుస్తకం పేజీలు తిప్పుతున్నారు. మొదట కోపంగా తిప్పారు, తరవాత నెమ్మదిగా, తరవాత మురిపెంగా తిప్పారు.

“అరవైమూడు ఘటనలు. అరవైమూడింటికీ అక్కడికక్కడే నమోదు. అక్కడికక్కడే మందలింపు. పెండింగు ఒక్కటీ లేదు.” ఆయన కళ్ళజోడు తీశారు. “ఏ ఆస్పత్రిలో ఉందండీ ఈ పారదర్శకత? నాణ్యతా మండలి వారికి ఇది ప్రత్యేకంగా చూపించాలి. రోజుకి వంద నమోదుల లక్ష్యం పెట్టుకుంటే తప్పేమిటి? జనం తగినంత అమర్యాదగా లేకపోతే శిక్షణ ఇప్పించవచ్చు. ఆ నిపుణుడు నగరంలోనే ఉన్నాడు.”

సలహాదారు పదవి రద్దయినట్టు మాస్టారికి కాగితం ఇచ్చారు, ఆయన తీసుకున్నారు. చివర్లో ‘ఇట్లు నిర్ణయించడమునకు కారణములేవియో తమకు తెలిసియే యుండును’ అని ఉంది. వాక్యక్రమం సరిగ్గానే ఉంది.

ఇంటికి వెళ్ళబోయి, ఎనిమిది కావస్తుండగా ఎందుకో మళ్ళీ మెట్లెక్కారు. మూడో వార్డులో దీపాలు వేశారు. పల్లాలయ్య నిద్రపోతున్నాడు, ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. మంచం కింద గోనెపట్టా పరుచుకుని, కోడుకి తల ఆనించి నూకరత్నం కూడా నిద్రపోతోంది. ఎనిమిది తరవాత మగవార్డులో ఆడవాళ్ళు ఉండకూడదని తలుపు మీదే రాసి ఉంది.

ఎనిమిదయింది. రాత్రి డ్యూటీ ఆయా వచ్చింది. బక్కపలచని మనిషి, చేతిలో తాళాలగుత్తి. మంచాలు ఒకొక్కటే చూసుకుంటూ ఇరవై రెండో మంచం దగ్గర ఆగింది. కింద పడుకున్న మనిషిని చూసింది. పైన అట్ట మీద ఎర్ర అక్షరాలు చూసింది. నువ్వెవరివని గాని, ఎవరుండమన్నారని గాని అడగలేదు. నూకరత్నం పాదాలు పట్టా దాటి చల్లటి గచ్చు మీద ఉంటే, మూలనున్న పాత దుప్పటి తెచ్చి కప్పింది. గుమ్మంలో నిలబడిన మాస్టారికి వెళ్ళమన్నట్టు తల ఊపి, తాళాలు చప్పుడవకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుని, వార్డు తలుపు మెల్లగా మూసింది.